టవర్ క్లాక్ దగ్గర నూడిల్స్ బండి: నూనె మనం చెప్పినంతే

మా వాడు కానిస్టేబుల్ ఫిజికల్స్ కోసం పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పరుగు తీస్తాడు. సాయంత్రమయ్యేసరికి నూడిల్స్ కావాలంటాడు. వద్దంటే వినే వయసు కాదు. అందుకని ఎక్కడ తింటే నయమో నేనే వెతికాను. అనంతపురం టవర్ క్లాక్ దాటాక సందు మొదట్లో ఉండే బండి నాకు బాగా నచ్చింది.

ముందు నూనె సంగతి. గ్రాము నూనెకు 9 క్యాలరీలు, ఒక టేబుల్ స్పూను పడితే 120 దాకా వచ్చినట్టే. చాలా చోట్ల సీసా వంచి పోసేస్తారు, మనం నోరు తెరిచేలోపే అయిపోతుంది. ఇతను చెంచాతో వేస్తాడు. "అన్నా, నూనె ఒక్క చెంచానే" అన్నాను. "అట్నే అక్కా, సోయా సాస్ గూడా తగ్గించేదా?" అని తనే అడిగాడు. ఆ మాటకు ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే మా ఆయనకు బీపీ. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఒక టేబుల్ స్పూను మామూలు సోయా సాస్‌లోనే 2 గ్రాములకు పైగా ఉంటుంది.

పార్సిల్ ఇంటికి తెచ్చి, ముక్కలు పక్కకు తీసి తూచాను. ఎగ్ నూడిల్స్ హాఫ్ ప్లేట్‌లో నూడిల్స్ సుమారు 200 గ్రాములు వచ్చాయి. ఉడికినవి కాబట్టి 280 క్యాలరీల లోపే. ప్యాకెట్ మీద రాసే లెక్క ఎండు నూడిల్స్‌ది, దాన్ని దీనికి వేసుకుంటే రెండింతలు దాటిపోతుంది. గుడ్డు 70, నూనె 120 కలిపితే 470 దగ్గర ఆగుతుంది. ఇంకో రెండు చెంచాల నూనె పడితే అదే ప్లేటు 700 దాటుతుంది.

పరుగెత్తే పిల్లాడికి ప్రోటీన్ కావాలి. మైదా నూడిల్స్‌లో అది తక్కువే, పీచు ఇంకా తక్కువ. అందుకే రెండో గుడ్డు కొట్టించి, క్యాబేజీ, క్యారెట్ ఎక్కువ వేయమంటాను. గుడ్డుకు 6 గ్రాముల ప్రోటీన్ వస్తుంది. గుడ్డుకే డబ్బులు తీసుకుంటాడు, కూరగాయలకు తీసుకోడు.

ఆదివారం మాత్రం వెళ్లొద్దు. రద్దీలో క్యాబేజీ పేరుకే ఉంటుంది. పొగలు కక్కే నూడిల్స్‌ను పలచటి ప్లాస్టిక్ కవర్లో కట్టివ్వడం నాకు అస్సలు నచ్చలేదు, చెప్పాను కూడా. స్టీలు డబ్బా తీసుకెళ్తే అందులోనే వేసిస్తాడు.