ర్యోగొకు చాంకో కొట్టు: ఆరేళ్లుగా తింటున్నాక

టోక్యో వచ్చిన కొత్తలో ఆఫీసు వాళ్లు చాంకో నాబె అనే కుండకూర తినిపిస్తామని, సుమో పోటీలు జరిగే ర్యోగొకు పేటకి తీసుకెళ్లారు. సుమో వస్తాదుల తిండి అంటే ఏదో ఊహించుకున్నా. తీరా చూస్తే చప్పటి నీళ్లలో క్యాబేజీ, టోఫు, కోడిమాంసం. ఇంటికొచ్చి ఆవకాయ అన్నం తిని పడుకున్నా. ఇప్పుడు అదే కొట్టుకి ఏడాదికి నాలుగైదు సార్లు నేనే వెళ్తున్నా. మేముండే నిషికసాయ్ నుంచి రైలు మారి వెళ్లినా పెద్ద దూరం కాదు.

మేం గొడ్డుమాంసం తినం. సుకియాకీ, షాబుషాబు లాంటి వేరే కుండకూరల కొట్లలో ఎక్కువగా అదే ఉంటుంది కాబట్టి మాకు చాంకోయే దిక్కు. ఇందులో కోడికే పెద్దపీట. కోడి రెండు కాళ్ల మీద నిలబడుతుంది, సుమోలో చెయ్యి నేలకి ఆనిందా ఓడినట్టే. అందుకని కోడిని శుభంగా చూస్తారు.

కుండ బల్ల మీదే ఉడుకుతుంది. ముందు క్యాబేజీ తొడిమలు, పుట్టగొడుగులు, తర్వాత వెదురు గొట్టంలోంచి కోడి కైమా ముద్దలు, చివర్లో చామంతి ఆకు. ఆకు అర నిమిషం దాటితే చేదెక్కుతుంది. మొదట్లో నేను పులుసు కలిపినట్టు గరిటె తిప్పుతుంటే వడ్డించే పెద్దావిడ నవ్వుతూ గరిటె లాక్కుంది. పైకి తేలే నురగ మాత్రమే తీసెయ్యాలట. కారం కావాలంటే యూజు కోషో అడగండి. పచ్చిమిర్చి, యూజు అనే నిమ్మజాతి పండు తొక్క, ఉప్పు కలిపి నూరింది. ఆ ముద్ద దొరికాక నా జేబులో ఆవకాయ పొట్లం మానేశా.

అసలు రుచి ఆఖర్న ఉంది. ముక్కలన్నీ అయిపోయాక మిగిలిన రసంలో అన్నం వేసి, గుడ్డు గిలక్కొట్టి పోసి, మూత పెట్టి పొయ్యి ఆపేస్తారు. దాన్ని జోసుయి అంటారు. అంతసేపు ఉడికిన కోడి, కూరల సారమంతా అందులోకే దిగుతుంది. మొదటి ఏడాదంతా కడుపు నిండిందని దీనికి ముందే లేచొచ్చేసేవాణ్ణి. ఏం తెలివో! ముక్కలు కాస్త తగ్గించి తినండి, దీనికి చోటుంచండి.

ఇక విసుగు తెప్పించేవి. ఈ కొట్లో కుండ ఇద్దరికి తక్కువ ఇవ్వరు, ఒంటరిగా వెళ్తే లాభం లేదు. అడక్కుండానే చిన్న గిన్నెలో ఏదో తెచ్చి పెట్టి బిల్లులో వేస్తారు. కోడి మాత్రమే అని చెప్పినా ఒకసారి పంది ముక్కలు వచ్చాయి. మార్చారు గానీ అరగంట పట్టింది. జనవరి, మే, సెప్టెంబర్‌లలో ఇక్కడ పదిహేను రోజుల సుమో పోటీలు జరిగేటప్పుడు ముందే బుక్ చేసుకోకపోతే చోటుండదు. శాకాహారులు అసలు వద్దు, రసంలోనే చేప ఉంటుంది. మా అత్తగారు ఉత్త అన్నం, ఉడకబెట్టిన సోయా కాయలతో సరిపెట్టుకున్నారు.

పోయినేడు నాన్న వచ్చారు. బల్ల కింద కాళ్లు దించుకునే గొయ్యి ఉండబట్టి మోకాళ్ల నొప్పి ఉన్నా హాయిగా కూర్చున్నారు. మొదటి గిన్నెకి, "ఏంట్రా, పత్యం కూడులా ఉంది" అన్నారు. జోసుయి వచ్చాక ఇంక మాట్లాడలేదు. కుండ అడుగు గీకుతున్న చప్పుడు మాత్రం వినిపించింది.