బడి బస్సా, ట్రావెలరా: చక్రాల మీద ఇంటికి ఏది మేలు?

పాత బడి బస్సును ఇల్లుగా మార్చుకోవడం మేలా, వాడిన ట్రావెలర్‌ను (అద్దెకు తిరిగే టెంపో ట్రావెలర్ వ్యాన్‌ను) మార్చుకోవడం మేలా అని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. మేము బడి బస్సును ఎంచుకుని పని చేయించుకున్న సంగతి హనుమకొండలో నలుగురికీ తెలిసింది. ఇప్పుడు కరీంనగర్, మంచిర్యాల, నిర్మల్ నుంచి కూడా ఫోన్లు వస్తున్నాయి. అందరూ మొదట ధర అడుగుతారు, తర్వాత మైలేజీ, ఆ తర్వాత రవాణా శాఖ అనుమతులు. అవన్నీ అడగవలసినవే. అయితే మన ప్రాంతంలో వాటన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఎండ సంగతి. మే నెలలో మధ్యాహ్నం మూడు గంటలకు ఆ బండిలో మీ అమ్మగారు గానీ చంటిపిల్ల గానీ కంటినిండా నిద్రపోగలరా? పోగలిగితేనే దాన్ని ఇల్లు అనుకోవచ్చు. అందుకే నా లెక్క పైకప్పుతో మొదలవుతుంది.

వరంగల్, రామగుండం, ఆదిలాబాద్ వైపు ఏప్రిల్ దాటాక 43, 44 డిగ్రీలు మామూలే. ఆ ఎండలో నిలబెట్టిన బస్సు పైరేకు పెనంలా కాలుతుంది. బడి బస్సుకు పైన పలుచని ఇనుప రేకు, లోపల మరో రేకు, ఆ రెంటి మధ్య ఇనుప కమానులు ఉంటాయి. ఆ ఖాళీలో చాలా బస్సుల్లో గాలి తప్ప ఏమీ ఉండదు. వినడానికి ఇది లోపంగా అనిపిస్తుంది గానీ ఇల్లు కట్టుకునేవాళ్లకు ఇంతకంటే అనుకూలం మరొకటి లేదు. లోపలి రేకు మరలు విప్పితే చాలు, కమానుల మధ్య ఖాళీ అంతా చేతికి అందుతుంది. వేడిని ఆపే పొర ఎంత మందం కావాలంటే అంత వేసుకోవచ్చు.

ట్రావెలర్‌లో ఆ వీలు తక్కువ. లోపల అచ్చుపోసిన ప్లాస్టిక్ తొడుగు, అందులోనే ఏసీ గాలి దారులు, దీపాలు, సామాను పెట్టుకునే అరలు కలిసి వస్తాయి. చూడటానికి అందంగా ఉంటుంది, అది కాదనను. కానీ ఆ తొడుగు ఒకసారి విప్పితే మళ్లీ అలాగే కూర్చోదు. విప్పకపోతే పొర వేయడానికి చోటు దొరకదు. ఇంజను ఆడుతున్నంతసేపు ఏసీ చల్లగా వస్తుంది కాబట్టి కొనేటప్పుడు ఈ తేడా తెలియదు. చెరువు గట్టున బండి ఆపి ఇంజను కట్టేసిన అరగంటకు తెలుస్తుంది.

పొరకు ఏది వాడాలనేది తరువాతి ప్రశ్న. గ్లాస్ ఊల్ చవక. అయితే బండి కుదుపులకు జారి ఒకచోట పోగుపడుతుంది, చెమ్మ పీల్చుకుంటే రేకును లోపలి నుంచే తుప్పు తినేస్తుంది. థర్మోకోల్ రాపిడికి పొడి అవుతుంది, నిప్పుకు తొందరగా అంటుకుంటుంది, వంటిల్లు ఉన్న బండిలో దాని జోలికి వెళ్లవద్దు. మేము ఏసీ గొట్టాలకు చుట్టే నల్లని నైట్రైల్ రబ్బరు షీటు, అంగుళం మందంది, జిగురుతో అతికించాం. అది వంపులకు లొంగుతుంది, నీరు పీల్చదు.

షీటు అతికించడంతో పని అయిపోయిందనుకోవద్దు. లోపలి ప్లైవుడ్ బిగించక ముందే ఒక ఎండ మధ్యాహ్నం స్టూలు ఎక్కి పైకప్పుకు అరచేయి ఆనించి చూడండి. రబ్బరు ఉన్నచోట గోరువెచ్చగా ఉంటుంది. చేతిని అలాగే పక్కకు జరుపుతూ పోతే ఇనుప కమాను తగిలిన క్షణంలో చటుక్కున వెనక్కి లాక్కుంటారు. పైరేకు వేడి అంతా ఆ కమాను గుండా నేరుగా లోపలికి దిగుతోందన్నమాట. ప్లైవుడ్‌ను ఆ కమానులకే బిగిస్తే, వేసిన పొరలో సగం వృథా. అందువల్ల ప్రతి కమాను అడుగున కూడా పలుచని రబ్బరు పట్టీ, దాని మీద చెక్క పట్టీ వేసి, ప్లైవుడ్‌ను ఆ చెక్కకే బిగించాలి. ఆటోనగర్‌లో మేస్త్రీలు ఇది దండగ పని అంటారు, రెండు రోజులు ఎక్కువ పడుతుందంటారు. పట్టుబట్టి చేయించుకోండి. తల మీద అంగుళంన్నర ఎత్తు తగ్గుతుంది నిజమే, కాబట్టి కొనేముందే ఇంట్లో అందరికంటే పొడవైనవారిని బస్సులో నిలబెట్టి చూసుకోవాలి.

పైకప్పుతో రెండో లాభం సోలార్ ప్యానెళ్లు. పాతిక, ముప్ఫై సీట్ల బడి బస్సు పైభాగం ఇంచుమించు చదునుగా, ఏడు అడుగుల వెడల్పున ఉంటుంది. 330 వాట్ల ప్యానెళ్లు అడ్డంగా ఐదు సులువుగా పడతాయి, గాలి వచ్చే పైకిటికీకి చోటు మిగులుతుంది. అంటే 1,650 వాట్లు. కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్లు అనే మామూలు లెక్కన చూస్తే ఆరున్నర యూనిట్లు. ఫ్రిజ్‌కు ఒక యూనిట్, ఫ్యాన్లకు, దీపాలకు అర యూనిట్ పోగా మిగిలినదానితో 48 వోల్టుల, 100 ఏహెచ్ లిథియం బ్యాటరీ, అంటే ఇంచుమించు ఐదు యూనిట్లు పట్టేది, నిండుతుంది. దాని మీద టన్ను ఇన్వర్టర్ ఏసీ, గది ఒకసారి చల్లబడ్డాక, ఐదారు గంటలు నడుస్తుంది. ట్రావెలర్ పైకప్పు వంపు తిరిగి ఉంటుంది, ఏసీ యంత్రం కూడా పైనే ఉంటే రెండు ప్యానెళ్లకు మించి కుదరదు. రెండు ప్యానెళ్లంటే రోజుకు రెండున్నర యూనిట్లు. ఫ్రిజ్, ఫ్యాన్లు, ఫోన్ల చార్జింగ్ వరకు సరిపోతుంది. రాత్రి ఏసీ మాట మరచిపోవలసిందే.

పైగా ప్యానెళ్లను నాలుగు అంగుళాల ఎత్తులో ఇనుప చట్రం మీద బిగిస్తే పైరేకుకు నీడ పడుతుంది, కింద గాలి ఆడుతుంది. పైరేకుకు తెల్ల రంగు వేసి, దాని మీద ప్యానెళ్ల నీడ, కింద రబ్బరు పొర, కమానుల కింద చెక్క పట్టీ. ఈ నాలుగూ కుదిరితే ఏసీ అవసరమే సగానికి తగ్గుతుంది. మే నెలలో మన దగ్గర మధ్యాహ్నపు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి కూలర్ అద్భుతంగా పనిచేస్తుంది. 150 వాట్లలోపు కరెంటుతో అయిపోతుంది. నీళ్లు మాత్రం బాగా తాగుతుంది. జూన్‌లో వానలు పడ్డాక ఉక్కపోత మొదలవుతుంది, అప్పటినుంచి కూలర్ వల్ల లాభం లేదు, ఏసీయే దిక్కు. మా అత్తగారి సలహాతో పడమటి వైపు కిటికీకి వట్టివేళ్ల తడక కట్టాం. ఆ వాసనకు పిల్లలు ఇంకెక్కడా పడుకోనంటున్నారు.

బడి బస్సుకు ఉన్న నిజమైన ఇబ్బంది కిటికీలు. రెండు వైపులా వరుసగా అద్దాలే. అవన్నీ ఉంచితే పైకప్పుకు చేసిన సేవ అంతా పక్కల నుంచి కారిపోతుంది. సగానికి పైగా కిటికీలను రేకుతో మూసి పొర వేయాల్సిందే. అత్యవసర ద్వారాన్ని మాత్రం మూయవద్దు, దాని ముందు మంచం గానీ బీరువా గానీ రానివ్వవద్దు.

ఇక ఇంజను. బడి బస్సు వయసు చూసి భయపడేవాళ్లు అది తిరిగిన దూరం చూడరు. రోజుకు 60 కిలోమీటర్లు, ఏడాదికి 220 రోజులు అనుకున్నా పన్నెండేళ్లకు లక్షన్నర దాటి కాస్త అవుతుంది. అదే వయసున్న ట్రావెలర్ తిరుపతి, శిరిడీ, పెళ్లిళ్లు అంటూ దానికి రెండు మూడు రెట్లు తిరిగి ఉంటుంది. పైగా టాటా 407 వంశపు బస్సులు 1986 నుంచి మన రోడ్ల మీద ఉన్న బండ్ల కోవలోవి. ఏటూరునాగారంలో ఆగిపోయినా, ఆసిఫాబాద్‌లో ఆగిపోయినా విప్పి బిగించగల మెకానిక్ దొరుకుతాడు. అయితే ఈ బస్సుల్లో చాలావాటికి ఇంజను డ్రైవరు పక్కనే, మూత కింద ఉంటుంది. ఆ మూత లోపలి వైపు వేడిని తట్టుకునే దుప్పటి వేయించకపోతే పైకప్పు నుంచి ఆపిన వేడి ముందు నుంచి వస్తుంది. వేగం, పరుగు, సుఖంగా కూర్చోవడం అంటారా, ట్రావెలర్‌దే పైచేయి. డీజిల్ కూడా దానికే తక్కువ తాగుడు.

కొనేటప్పుడు బడి బస్సులో చూడవలసింది నేల. సీట్ల కింద పరచిన రబ్బరు చాపను వెనక మూలన ఎత్తి చూడండి. పిల్లల నీళ్ల సీసాల నుంచి ఏళ్ల తరబడి ఒలికిన తడి అంతా అక్కడే చేరుతుంది. కింద ప్లైవుడ్ ఉబ్బి ఉంటే, చక్రాల పైనుండే రేకులోకి స్క్రూడ్రైవర్ దిగిపోతుంటే, ఆ బస్సును వదిలేయండి. 2020 మార్చి తర్వాత బడులు మూతపడి చాలా బస్సులు ఏడాదికి పైగా ఆరుబయట గడ్డిలో నిలబడిపోయాయి. అడుగు భాగంలో తుప్పు ఎక్కువగా ఉన్నవి చాలావరకు అవే. టైర్ల మీది తయారీ కోడ్‌లో చివరి నాలుగు అంకెలు కూడా చదవండి, మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. అరగకపోయినా పగుళ్లిచ్చిన టైరు టైరు కాదు.

కాగితాల విషయంలో రెంటికీ తిప్పలు ఒకటే, బడి బస్సుకు ఒక పిసరు ఎక్కువ. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు ఆర్‌సీలోని వివరాలు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు; మిగతా మార్పులకు రిజిస్టరింగ్ అధికారి అనుమతి ఉండాలి. ఇదే మాట 2019లో సుప్రీంకోర్టు గట్టిగానే చెప్పింది. కాబట్టి పైకప్పు లేపడం, ఛాసిస్ పొడవు పెంచడం వంటి ఆలోచనలు మానుకోండి. సొంత వాడకానికి ఉన్న క్యాంపర్ వ్యాన్ 2004 నాటి కేంద్ర నోటిఫికేషన్‌లోనే రవాణాయేతర వాహనాల జాబితాలో ఉంది, మీరు అడగవలసింది ఆ మార్పే. అద్దెకు తిప్పుదామనుకుంటే దారి పూర్తిగా వేరు. బడి బస్సుకు పసుపు రంగు మార్చి, ఆ మార్పును ఆర్‌సీలో నమోదు చేయించాలి, విద్యాసంస్థ పేరు నుంచి మీ పేరుకు బదిలీ కావాలి. సీట్లు పీకకముందే దరఖాస్తు పెట్టండి. పని అయ్యాక వెళితే చేతులెత్తి నిలబడాలి. బీమా సంస్థకు కూడా రాతపూర్వకంగా తెలపండి, లేకపోతే ప్రమాదం జరిగిన రోజున వాళ్లు ఆర్‌సీ తీసి చూపిస్తారు.

బడి బస్సులకు మన దగ్గర 15 ఏళ్ల పరిమితి ఉంది కాబట్టి, ఆ వయసు నిండినవి వేసవి సెలవుల్లో ఇంచుమించు తుక్కు ధరకు వస్తాయి. ఆ ధర చూసి ఎగబడవద్దు. 15 ఏళ్లు దాటిన బండ్లకు 2022 ఏప్రిల్ నుంచి ఫిట్‌నెస్ రుసుములు బాగా పెంచారు, పాత బండ్ల మీద వేసే గ్రీన్ టాక్స్ ఉండనే ఉంది. పదేళ్లకు అటూ ఇటూగా ఉన్న బస్సును బడి యాజమాన్యం కొత్తది తీసుకునే సమయంలో పట్టుకోవడం మేలు. ఎలా చూసినా బండి ధర కంటే లోపలి పనికే ఎక్కువ ఖర్చవుతుంది. అంత ఖర్చు ఎన్నాళ్లో నడవని బండి మీద పోయడం నాకు నచ్చదు.

యాభై సీట్ల పెద్ద బస్సు అడిగేవాళ్లూ ఉన్నారు. పైకప్పు రాజసంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ మొత్తం బరువు 7,500 కిలోలు దాటిందంటే మామూలు కారు లైసెన్సు చాలదు, హెవీ లైసెన్సు ఉన్న డ్రైవరు కావాలి. ఆ పరిమితి లోపలి రవాణా వాహనాలను ఎల్‌ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సుతో నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. చిన్న బడి బస్సులు చాలావరకు ఈ పరిమితి లోపలే ఉంటాయి, ఆర్‌సీలో చూసి నిర్ధారించుకోండి. పైగా చిన్న బడి బస్సు తిరిగింది ఊళ్ల సందుల్లోనే. పాలంపేట రామప్ప దగ్గరికైనా, లక్నవరం చెరువు కట్ట దాకానైనా బెరుకు లేకుండా పోతుంది. ప్యానెళ్లు బిగించాక పెరిగిన ఎత్తును కొలిచి డ్రైవరు ముందు రాసిపెట్టుకోండి, రైల్వే అండర్ బ్రిడ్జిల దగ్గర, వేలాడే కరెంటు తీగల దగ్గర పనికొస్తుంది.

కారు వెనక లాగే ట్రైలర్ మన రోడ్లకు, మన పార్కింగుకు సరిపడదు. నడుస్తుండగా అందులో మనుషులు కూర్చోకూడదు కూడా. కంపెనీ కొత్త క్యారవాన్ డబ్బున్నవారికి బాగానే ఉంటుంది.

ట్రావెలర్ ఎవరికి తగినదో కూడా చెప్పాలి. భార్యాభర్తలు, ఒక బిడ్డ ఉండి, దసరా నుంచి శివరాత్రి దాకా చలికాలంలోనే తిరుగుతామంటే, రాత్రి పడుకోవడానికి తప్ప బండిలో ఉండమంటే ట్రావెలరే తీసుకోండి. నడపడం సులువు, తిరిగి అమ్మితే మంచి ధర వస్తుంది, ఇంటి ముందు సందులో పడుతుంది. పొడవైన రకం, వీలైతే ఏసీ లేనిది చూడండి. అందులో ప్లాస్టిక్ తొడుగు తక్కువ, పైకప్పు మీద ఇంకో ప్యానెల్‌కు చోటు మిగులుతుంది. పెద్దవాళ్లు, ఇద్దరు ముగ్గురు పిల్లలు ఉన్న ఇంటికి, బడి సెలవులంటే వేసవే కాబట్టి ఆ రోజుల్లోనే బయలుదేరే ఇంటికి, నేను చిన్న బడి బస్సే చెబుతాను. కొనేముందు దాన్ని ఒక రోజంతా ఎండలో నిలబెట్టించి, సాయంత్రం నాలుగింటికి లోపల ఒక గంట కూర్చోండి. ఎంత మందం పొర కావాలో, ఎన్ని కిటికీలు మూయాలో ఆ గంటలోనే తేలిపోతుంది.