ఉద్యోగం చేస్తున్న ఇంజినీర్‌కు డిగ్రీ: ఏ పద్ధతి మేలు?

ఉద్యోగంలో ఉన్న ఇంజినీర్లకు డిగ్రీ పెడదామనుకున్న యూనివర్సిటీ ముందు చేసే పని టైమ్‌టేబుల్ మార్చడం. పగటి క్లాసు సాయంత్రానికో, శని ఆదివారాలకో జరుగుతుంది. సిలబస్ అదే, పరీక్ష అదే. నడిపేవాళ్లకు ఇంత తేలికైన దారి లేదు. షిఫ్టు దిగి వచ్చిన మనిషి మాత్రం పదేళ్లుగా తను చేస్తున్న పనినే మొదటి పాఠంగా వింటూ కునికిపాట్లు పడతాడు.

రెండో దారి, కొన్నాళ్లు క్లాసు, కొన్నాళ్లు పని. 1906లో అమెరికాలోని సిన్సినాటి యూనివర్సిటీలో హెర్మన్ ష్నైడర్ అనే ప్రొఫెసర్ మొదలుపెట్టింది ఇదే. ఇంటర్ అయిన పిల్లలకు బ్రహ్మాండంగా సరిపోతుంది. ప్లాంటు బాధ్యత నెత్తిన ఉన్నవాణ్ని మూడు నెలలు వదిలిపెట్టమంటే ఏ మేనేజర్ ఒప్పుకుంటాడు?

మూడోది, పనినే సిలబస్‌గా తీసుకోవడం. బ్రిటన్‌లో ఇంజినీర్ల వృత్తి ప్రమాణాలు చూసే ఇంజినీరింగ్ కౌన్సిల్ 'ఇంజినీరింగ్ గేట్‌వేస్' పేరుతో కొన్ని యూనివర్సిటీల చేత ఇలాంటి డిగ్రీలు పెట్టించింది. చదివేవాడు, కంపెనీ, యూనివర్సిటీ కలిసి ముందే ఒక ఒప్పందం రాసుకుంటారు: ఏం నేర్చుకోవాలి, ఏ పనిలో నేర్చుకోవాలి, నేర్చుకున్నాడనడానికి రుజువేమిటి.

కాగితం మీద గాలిమాటలా ఉంటుంది కాబట్టి ఒక ఉదాహరణ. వేడి ద్రవం తోడే పంపు ఉంది. దాని బేరింగ్, అంటే తిరిగే షాఫ్టును మోసే భాగం, మాటిమాటికీ పోతోంది. మన ఇంజినీర్ ప్రతిసారీ కొత్తది వేసి, అలైన్‌మెంట్ (పంపు షాఫ్టు, మోటారు షాఫ్టు ఒకే వరుసలో ఉన్నాయా అని) చూసి, రిపోర్టులో 'మార్చాం' అని రాస్తాడు. యూనివర్సిటీ నుంచి వచ్చిన గైడ్ ఒక్కటే అడుగుతాడు: "అలైన్‌మెంట్ చూసినప్పుడు పంపు చల్లగా ఉందా, వేడిగా ఉందా?" వేడెక్కితే పంపు బాడీ వ్యాకోచించి షాఫ్టు పైకి లేస్తుంది. చల్లగా ఉన్నప్పుడు సరిగ్గా కుదిరింది నడుస్తున్నప్పుడు తప్పుతుంది. ఎంత లేస్తుందో లెక్కగట్టి, ఆ మేరకు ముందే తేడా పెట్టి, తర్వాత వైబ్రేషన్ రీడింగులు తీసి చూపిస్తే థర్మల్, మెషిన్ డిజైన్, కొలతలు ఒకే పనిలో వచ్చేస్తాయి. బేరింగ్ మార్చడానికి డిగ్రీ అక్కర్లేదు, ఎందుకు పోతోందో తేల్చడానికి కావాలి.

నా ఓటు మూడోదానికే. అయితే చవక కాదు. నలభై మందికి ఒకేసారి పాఠం చెప్పే లెక్చరర్ ఇక్కడ ఒక్కొక్కరితో విడిగా కూర్చోవాలి. ఆ గంటలను ఆయన పనిభారంలో లెక్కవేయని చోట రెండో ఏటికే పథకం చతికిలబడుతుంది. కంపెనీ రహస్యాలున్న రిపోర్టు ఎవరెవరు చూడొచ్చో ముందే రాసుకోవాలి. మధ్యలో ఉద్యోగం మారితే ప్రాజెక్టు గతేమిటో కూడా అంతే. ఇక గ్రేడింగ్: 'బాగా పనిచేస్తాడు' అని బాస్ ఇచ్చే సర్టిఫికెట్‌కు మార్కులు వేస్తే ఆ డిగ్రీని ఎవరూ లెక్కచేయరు. ఎదురుగా కూర్చోబెట్టి, ఆ లెక్క ఎందుకు వేశావని అడగాల్సిందే.

గణితం మర్చిపోయినవాళ్ల సంగతి వేరు. పంపు ముందు నిలబెట్టినంత మాత్రాన డిఫరెన్షియల్ ఈక్వేషన్ రాదు. అలాంటివాళ్లకు మొదటి సెమిస్టర్ సాయంత్రం క్లాసులు పెట్టి, ఒప్పందం రెండో సెమిస్టర్ నుంచి మొదలుపెడితే చాలు.