కుంటా, ఉమ్మడి బోరా, నవధాన్యాలా? అనంతపురం మెట్ట చేనుకు ఏది మేలు

అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మి.మీ. అటూ ఇటూ. ఎక్కువగా కురిసేది సెప్టెంబరులో. వేరుశనగ విత్తేదేమో జూలైలో. ఊడలు దిగే ఆగస్టులో ఇరవై రోజులు చినుకు లేకపోతే, తర్వాత ఎంత కురిసినా దిగుబడి తిరిగి రాదు. ఏడాది వాన లెక్క సరిపోయిందని కాగితం చెబుతుంది, చేలో మాత్రం కాయ ఉండదు.

ఈ బెట్టను దాటించడానికి సర్కారు పథకాల్లో వచ్చిన దారులు చాలానే ఉన్నాయి. ఐదెకరాల ఎర్రనేల రైతు చేతికి నిజంగా అందేవి మూడు: సొంత చేలో నీటి కుంట, నలుగురు కలిసి వాడుకునే బోరు, వానలకు ముందే చల్లే నవధాన్యాలు. పంటల బీమాను ఈ వరసలో పెట్టడం లేదు. అది పంట పోయాక వచ్చే డబ్బు. పైగా నష్టాన్ని ఒక ప్రాంతం మొత్తానికి కలిపి లెక్క కడతారు కాబట్టి మీ ఒక్క చేను ఎండితే పనికిరాదు.

కుంట: లెక్క వేసుకుని తవ్వండి

ఉపాధి హామీ నిధులతో, పంట సంజీవని పేరుతో కుంటలు విరివిగా తవ్వారు. తెలిసిన కొలత పైన 10 × 10 మీటర్లు, లోతు రెండున్నర మీటర్లు. చాలామంది ఈ మూడింటినీ గుణించి రెండున్నర లక్షల లీటర్లు అనుకుంటారు. గోడలు నిలువుగా ఉంటే కూలిపోతాయి గనక వాలుగా తవ్వాలి. 1:1 వాలు పెడితే అడుగున 5 × 5 మీటర్లే మిగులుతుంది, పట్టేది సుమారు 1,46,000 లీటర్లు. ఎకరాకు 10 మి.మీ. తడి ఇవ్వడానికి 40,500 లీటర్లు కావాలి. అంటే నిండు కుంటైనా మూడున్నర ఎకరాలకు ఒక్క తడి. అంతకు మించి ఆశపడి రబీలో టమాటా నాటినవాళ్లకు మిగిలేది నిరాశే.

నిండటం ఇంకో సంగతి. ఐదెకరాల మీద 30 మి.మీ. వాన పడి, పదో వంతు పారిందనుకుంటే కుంటలో చేరేది 60,000 లీటర్లు. అలాంటివి రెండు మూడు పడాలి. చిన్న జల్లులు ఎన్ని కురిసినా నేల తాగేస్తుంది, కుంట దాకా చుక్క రాదు. అందుకే కుంటను చేనుకు పల్లపు మూలన, వాన నీళ్లు సహజంగా చేరే చోట పెట్టాలి. గట్టు పక్కన ఎందుకూ పనికిరాని జాగా ఉందని అక్కడ తవ్విస్తే ఏళ్ల తరబడి ఖాళీగా కనిపిస్తుంది.

అసలు చిక్కు ఇంకిపోవడం. కళ్యాణదుర్గం, కుందుర్పి వైపు తేలికపాటి ఎర్రనేలల్లో అడుగున గరుసు ఉంటుంది. లైనింగ్ (నీళ్లు ఇంకకుండా వేసే పూత లేదా షీటు) లేని కుంట అక్కడ ఇంకుడు గుంతే. కింద బోర్లకు మేలు చేస్తుందేమో గానీ ఆగస్టులో మీ వేరుశనగకు నీళ్లు ఇవ్వదు. ఉన్న కుంట ఎలాంటిదో తేల్చుకోవడం సులువు. ఒక కర్రకు సెంటీమీటరు సెంటీమీటరుకు గీత పెట్టి నీళ్లలో నాటి, వాన లేని మూడు రోజులు చూడండి. రోజుకు సెంటీమీటరు లోపు తగ్గితే అది ఎండకు ఆవిరయ్యేదే. నాలుగైదు తగ్గుతుంటే అడుగు కారుతోంది. ఉరవకొండ, విడపనకల్లు వైపు నల్లరేగడిలో ఈ బాధ తక్కువ. కాకపోతే వేసవిలో పూర్తిగా ఎండనిస్తే బీటలు తీసి మొదటి వాన నీళ్లన్నీ మింగుతుంది.

ఎర్రనేలల్లో కుంటకు అనంతపురం వ్యవసాయ పరిశోధన స్థానం చెప్పే పూత ఆరు పాళ్ల మట్టికి ఒక పాలు సిమెంటు, 5 సెం.మీ. మందం. పై కొలతల కుంటకు వాలు గోడలు, అడుగు కలిపి 130 చదరపు మీటర్లు వస్తుంది. సిమెంటు 30 బస్తాల వరకు పడుతుంది. మట్టి జల్లించి గులకరాళ్లు తీసేయాలి. అడుగు, గోడ కలిసే మూలను ఒకే రోజు పూయాలి. ఈ పూట అడుగు, రేపు గోడలు అంటే సరిగ్గా ఆ అతుకులోనే చీలుతుంది. వారం పది రోజులు తడుపుతూ ఉండాలి. ఆ తర్వాత కూడా వేసవిలో అడుగున కాస్త నీళ్లు నిలిపితే పూత బతుకుతుంది. ప్లాస్టిక్ షీటు వేసేవాళ్లు 500 మైక్రాన్లకు తగ్గవద్దు. అంచును గట్టు మీద అర మీటరు కాలువ తీసి అందులో పూడ్చాలి. షీటు కుంట చుట్టూ కంచె, లోపలికి ముడులు వేసిన మోకు తప్పనిసరి. జారుడు గోడల్లో పడిన పిల్లలుగానీ, మేకలుగానీ సొంతంగా పైకి ఎక్కలేరు.

ఉపాధి హామీ పనుల్లో ఖర్చులో 60 శాతానికి తగ్గకుండా కూలికే పోవాలన్నది నియమం. మట్టి పని దానికి సరిపోతుంది, సిమెంటుకు డబ్బు దొరకదు. అందుకే పూత లేని కుంటలు ఇన్ని కనిపిస్తాయి. లైనింగ్‌కు సొంత డబ్బు పెట్టలేని రైతు ఎర్రనేలలో కుంట కోసం అర్జీ పెట్టే ముందు ఇంకోసారి ఆలోచించడం మంచిది.

నీళ్లు వచ్చే దారిలో మీటరు చదరం పూడిక గుంట, దిగే చోట రాళ్ల పేర్పు, గట్టు కన్నా ఒక అడుగు కిందుగా మరవ (ఎక్కువైన నీళ్లు పొర్లిపోయే దారి). ఈ మూడూ లేకపోతే రెండు మూడేళ్లకు కుంట సగం మట్టే. ఇక తోడటానికి ఇంజను, పైపులు, స్ప్రింక్లర్లు కావాలి. సెకనుకు అర లీటరు చిమ్మే స్ప్రింక్లర్లు పది పెడితే ఎకరాకు 10 మి.మీ. తడి రెండుంబావు గంటల్లో అయిపోతుంది. 2016 ఆగస్టులో వేరుశనగను కాపాడటానికి ఈ జిల్లాలో రెయిన్ గన్‌లు దింపారు. గన్ నీళ్లను చిమ్ముతుందే తప్ప పుట్టించదు. దగ్గర్లో నిండిన కుంట లేని చోట అది ఉన్నా లేనట్టే.

ఉమ్మడి బోరు

ఏపీడీఏఐ అనే కరువు కార్యక్రమంలో అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఈ దారి పట్టారు. పక్కపక్క చేల రైతులు ఓ పదిహేను మంది. వాళ్లలో ముగ్గురు నలుగురికి బోర్లున్నాయి. ఆ బోర్లన్నింటినీ ఒకే పైపు లైనుకు కలిపి, ప్రతి చేనుకూ ఒక వాల్వు పెడతారు. బోరు ఉన్నవాడు నీళ్లెందుకు ఇస్తాడు? పక్కవాడు కొత్త బోరు వేస్తే తన బోరు ఎండుతుందన్న భయం అతనికి రోజూ ఉండేదే. కొత్త బోర్లు వేయబోమని మిగతావాళ్లు రాసిచ్చే మాటే అతనికి దక్కే ప్రతిఫలం. తన మోటారు కాలినప్పుడు ఇంకొకరి బోరు నీళ్లు తన చేనుకు వస్తాయన్నది రెండో లాభం.

గంటకు 5,000 లీటర్లు పోసే బోరు 9 గంటల కరెంటులో 45,000 లీటర్లు ఇస్తుంది. రోజుకో ఎకరాకు 10 మి.మీ. పైనే. పది రోజుల బెట్టలో పది పదకొండు ఎకరాలు గట్టెక్కుతాయి. ఖర్చు పెట్టకముందే బోరును 200 లీటర్ల డ్రమ్ముతో కొలవండి. 144 సెకన్లలో నిండితే గంటకు 5,000 లీటర్లు. ఉదయం కొలిచిన లెక్క నమ్మవద్దు, ఆరు గంటలు ఆడించాక కొలవాలి.

చెడేది ఎక్కువగా కాగితం దగ్గరే. ఒప్పందంలో నాలుగు సంగతులు లేకపోతే రెండో ఏడే పైపులు పీక్కుపోతారు: మోటారు కాలితే ఖర్చు ఎవరెవరిది, బోరు యజమాని భూమి అమ్మితే కొన్నవాడు కట్టుబడతాడా, రబీలో వరి పెట్టొచ్చా, తడి ఎవరి చేనుతో మొదలు. వరి మాటే అన్నింటికంటే ముఖ్యం. ఒక ఎకరా వరి పది ఎకరాల వేరుశనగ తడిని తాగేస్తుంది. వాల్టా చట్టం (2002) ప్రకారం కొత్త బోరుకు అనుమతి తీసుకోవాలి గానీ, రాత్రికి రాత్రి వచ్చే రిగ్గును ఆపేది చట్టం కన్నా ఊళ్లో రాసుకున్న ఈ కాగితమే. ఇంకొకటి మరచిపోవద్దు. వరసగా రెండేళ్లు కరువొస్తే బోర్లన్నీ కలిసే ఎండుతాయి.

నవధాన్యాలు

మూడింటిలో ఖర్చు తక్కువ ఇదే. ప్రకృతి వ్యవసాయంలో దీన్ని పీఎండీఎస్ (వానలకు ముందు పొడి నేలలో విత్తడం) అంటారు. సజ్జ, జొన్న, కొర్ర, అలసంద, పెసర, ఉలవ, కంది, నువ్వు, ఆముదం, జనుము, గోగు... దొరికినన్ని కలిపి ఎకరాకు 10–12 కిలోలు, మే నెలలో పొడి దుక్కిలో చల్లాలి. బీజామృతం (20 లీటర్ల నీళ్లు, ఆవు పేడ 5 కిలోలు, మూత్రం 5 లీటర్లు, సున్నం 50 గ్రాములు, గట్టు మట్టి గుప్పెడు) పట్టించి, మెత్తని బంకమట్టి, బూడిద పొరలుగా అద్ది నీడన ఆరబెట్టాలి. ఈ పూత లేకపోతే సగం విత్తనం చీమలు, పక్షుల పాలు. మంచుకే మొలుస్తాయని చెప్పేవాళ్లున్నారు. ఒక మాదిరి జల్లు పడితేనే మొలకలు నిలుస్తాయని అనుకుని చల్లడం క్షేమం.

ఇది బెట్టలో నీళ్లు ఇవ్వదు. నేలను కప్పి ఉంచి, పడిన వానను లోపలికి దింపుతుంది, పశువులకు మేత ఇస్తుంది. వేరుశనగ విత్తడానికి పది పదిహేను రోజుల ముందే కోసి నేల మీద పరచాలి. ఆలస్యమైతే విత్తనానికి కావలసిన పదునును అదే తాగేస్తుంది. పెద్ద అడ్డంకి మందలు. వేసవిలో ఊరి చేలన్నీ గొర్రెలకు వదిలేసేవే కాబట్టి ఒక్కరే చల్లితే అది గొర్రెల విందు. పక్కపక్కన పాతిక ఎకరాలైనా కలిసి చల్లాలి, గొర్రెల కాపరులతో ముందే మాట్లాడుకోవాలి.

ఎవరికి ఏది

నవధాన్యాలు అందరూ వేయదగ్గవే, మిగతా రెండింటికి పోటీ కాదు. అరకిలోమీటరు లోపు ఆగస్టులో కూడా పోసే బోర్లు రెండైనా ఉంటే ఉమ్మడి బోరే మేలు. కుంట కన్నా ఎక్కువ తడులు వస్తాయి, చేలో జాగా పోదు. బోర్లు లేని చోట, లేదా ఊళ్లో ఒకరి మాట ఒకరు వినని చోట కుంట. ఎర్రనేలైతే పూతతో, రేగడైతే పూత లేకుండా. ఇవేవీ కుదరక సొంత బోరు వేస్తామనేవాళ్లు ముందు చుట్టుపక్కల ఎండిన బోర్లు ఎన్నో లెక్కపెట్టుకోవాలి. స్ప్రింక్లర్లకు కేంద్ర పథకం కింద చిన్న, సన్నకారు రైతుకు 55 శాతం, మిగతావాళ్లకు 45 శాతం సబ్సిడీ ఉంది. అందులో రాష్ట్రం వాటా కూడా ఉంటుంది, ఆ పైన రాష్ట్రం ఇంకొంత కలపవచ్చు. కుంట తవ్వకం మార్చికి, పూత ఏప్రిల్‌కు అయిపోవాలి. మే వానల్లో పూస్తే నిలవదు.