గేమ్ క్యాసెట్ల మీద మార్కర్ గీతలా? ముందు ఫార్మసీకి వెళ్ళండి

91 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. మేముండే డాలస్ చుట్టుపక్కల ఏ ఫార్మసీలో చూసినా బ్యాండ్ ఎయిడ్‌ల వరసలోనే ఉంటుంది. అర లీటరుకి కాస్త తక్కువ పట్టే సీసా నాలుగైదు డాలర్లు. ఏ బ్రాండైనా లోపల సరుకు ఒకటే కాబట్టి నేను స్టోర్ వాళ్ళ సొంత బ్రాండే తెచ్చుకుంటాను. ఇది మా ఇంట్లో దెబ్బలకి వాడేది తక్కువ. మా వాడు గరాజ్ సేల్స్‌లో ఏరుకొచ్చే పాత నింటెండో వీడియో గేమ్ క్యాసెట్ల మీది మార్కర్ గీతలు చెరపడానికే సగం సీసా ఖర్చవుతుంది.

అవి ఏ అవతారంలో వస్తాయో చెప్పాలి మీకు. వీపు మీద నల్ల మార్కర్‌తో ఎవరో పిల్లాడి పేరు, ముందు లేబుల్ మీద అదే మార్కర్‌తో ధర, అద్దె షాపు స్టిక్కర్ సగం ఊడి మిగిలిన జిగురు, ఆ జిగురుకి అంటుకున్న ముప్పై ఏళ్ళ దుమ్ము. ఈ క్యాసెట్లు పెట్టి ఆడుకునే నింటెండో గేమ్ మెషీన్ ఎన్‌ఈఎస్ అమెరికాలో అమ్మకానికి వచ్చింది 1985లో, దాని తర్వాతిది సూపర్ నింటెండో 1991లో. మనం స్టీలు గిన్నెల మీద పేరు కొట్టించుకున్నట్టే, అప్పటి పిల్లలు ఫ్రెండ్స్‌కి ఇచ్చే ముందు క్యాసెట్ మీద పేరు రాసుకునేవాళ్ళు. గిన్నె మీది పేరు పోదు. ఇది పోతుంది.

పద్ధతి ఇదీ. ఇయర్ బడ్‌ని ఈ ఆల్కహాల్‌లో ముంచి, సీసా మూతికి ఒత్తి, అక్షరం మీద ఆనించి కొన్ని సెకన్లు కదపకుండా ఉంచాలి. నలుపు విరిగి ఊదారంగు బయటికొస్తుంది. అప్పుడు గీత వెంటే, బయటి నుంచి లోపలికి తుడవాలి. దూది నల్లబడగానే పుల్ల మార్చేయాలి. పుల్లలు మిగిల్చుదామని పిసినారితనం చేస్తే ఇంకు పోదు సరికదా, పలచబడి చుట్టూ పరుచుకుంటుంది. నున్నటి ప్లాస్టిక్ అయితే పని నిమిషాల్లో అయిపోతుంది. గరుకు చోట ఇంకు సందుల్లో దాక్కుంటుంది, అక్కడ మెత్తని పాత టూత్‌బ్రష్ కావాలి. అయినా కొన్ని క్యాసెట్ల మీద, వెలుతురుకి పక్కగా పట్టుకుని చూస్తే, పేరు లీలగా కనిపిస్తూనే ఉంటుంది. మా వాడికి అది ఇష్టం. నాకు కాదు.

పర్మనెంట్ మార్కర్ ఇంకు చేసేదే ఆల్కహాల్ లాంటి ద్రావకాలతో. ఆరాక నీళ్ళకి లొంగదు కానీ అలాంటిదే మళ్ళీ తగిలితే కరుగుతుంది. వైట్‌బోర్డ్ మార్కర్‌తో పైన గీసి తుడిచేసే చిట్కా పనిచేసేదీ ఇందుకే. నున్నటి చోట అది కూడా బాగుంటుంది, గరుకు చోట మాత్రం పాత ఇంకుకి కొత్త ఇంకు తోడవుతుంది. 70 శాతం సీసాతో కూడా మరక పోతుంది, కాకపోతే అందులో నీళ్ళెక్కువ, కాస్త ఓపిక పట్టాలి. 99 శాతం కోసం ఆన్‌లైన్‌లో రెట్టింపు పెట్టక్కర్లేదు.

అసలు టెన్షన్ అంతా లేబుల్‌తోనే. తమాషా ఏమిటంటే ఎన్‌ఈఎస్ క్యాసెట్ వెనక బెంజీన్, థిన్నర్, ఆల్కహాల్‌తో శుభ్రం చేయొద్దని కంపెనీ వాళ్ళే అచ్చేశారు. బయటి పెంకు ఏబీఎస్ ప్లాస్టిక్, లెగో ముక్కలు చేసేదీ దాంతోనే. తడిబడ్‌తో తుడిస్తే దానికేమీ కాదు. లేబుల్ మీది బొమ్మ మాత్రం అంత గట్టిది కాదు. పైన మెరుపు పొర ఉంటే ఒక్కసారి తేలిగ్గా తుడిచి వెంటనే పొడి గుడ్డ వేయొచ్చు. పొర లేచిపోయిందా, అంచులు చిరిగాయా, ఇక వదిలేయండి. ధర గీతతో పాటు మారియో మీసం కూడా వచ్చేస్తుంది. ఏదైనా ముందు ఓ మూల చూసుకోవాలి.

మా ఆయన "నీ నెయిల్ పాలిష్ రిమూవర్ ఉందిగా" అన్నారు. ఉంది, ఉన్నచోటే ఉంటుంది. అందులో ఎసిటోన్ ఉంటే ఏబీఎస్ మెత్తబడి కరిగిపోతుంది. మరకలు మాయం చేస్తాయనే తెల్ల మెలమైన్ స్పాంజిలూ వద్దు. అవి నిజానికి సన్నని గరుకు కాగితాలే, మరకతో పాటు ప్లాస్టిక్ మెరుపునీ గీకేస్తాయి.

జిగురు దగ్గర మాత్రం ఈ ఆల్కహాల్ తేలిపోయింది. ఎంత రుద్దినా ఉండలు కట్టడం తప్ప కదలదు. హెయిర్ డ్రయర్‌తో కాస్త వేడి చేసి, గోటితో లాగి, మిగిలినదానికి గూ గాన్ అనే జిగురు వదిలించే ద్రవం రాస్తాను. అది జిడ్డు కాబట్టి తర్వాత సబ్బునీళ్ళతో కడగాలి, లేబుల్ వైపు రానివ్వకూడదు.

కడగాలంటే విప్పాలి. దానికి 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ అనే స్క్రూడ్రైవర్ కావాలి, మామూలువి పట్టవు. లోపలి సర్క్యూట్ బోర్డు తీసి పక్కన పెట్టాక ఖాళీ పెంకుని గిన్నెల సబ్బుతో, లేబుల్ తడవకుండా కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. బోర్డు చివర బంగారు పూత పిన్నుల మీద ఇదే ఆల్కహాల్ బడ్‌తో తుడవండి. వచ్చే నల్లటి మురికి చూస్తే గేమ్ ఎందుకు ఆడలేదో అర్థమవుతుంది. గుంటూరులో మా అన్నయ్య ప్రతి క్యాసెట్‌నీ ఉఫ్ ఉఫ్‌మని ఊది పెట్టేవాడు. నోటి తడి ఆ పిన్నులకి చేటే తప్ప మేలు కాదు. సేవ్ చేసుకునే గేముల్లో బోర్డు మీద బ్యాటరీ కూడా ఉంటుంది, దాన్ని కదిలిస్తే ఎవరో ఏళ్ళ క్రితం దాచుకున్న ఆట పోతుంది.

పసుపెక్కిన ప్లాస్టిక్‌ని తెల్లగా చేస్తుందని మాత్రం ఆశపడకండి. అది మురికి కాదు, ఏళ్ళు గడిచి ప్లాస్టిక్కే మారిన రంగు.

ఐదుకి నాలుగు స్టార్లు. ఒకటి తగ్గించింది జిగురుకీ, ఘాటు వాసనకీ కలిపి. కిటికీ తీసి పెట్టుకోవాలి. మంట ఇట్టే అంటుకునే సరుకు కాబట్టి స్టవ్ దగ్గరా, దేవుడి దగ్గర దీపం వెలుగుతున్నప్పుడూ తీయకండి. మూత బిగించకపోతే సీసా దానంతటదే తగ్గిపోతుంది.