ఆటోడెస్క్ ఫ్యూజన్‌లోని త్రెడ్ టూల్: మెషీన్ మీదికి వెళ్లే పనికి ఎంతవరకు పనికొస్తుంది?

యంత్ర భాగాలను కంప్యూటర్‌లో గీసి, మెషీన్‌కు ప్రోగ్రామ్ కూడా తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఆటోడెస్క్ ఫ్యూజన్. దానిలో బోల్టుకైనా రంధ్రానికైనా త్రెడ్ (మర) పెట్టడం చాలా తేలిక. గుండ్రటి తలాన్ని ఎంచుకుని త్రెడ్ రకం, సైజు, పిచ్ (పక్కపక్క చుట్ల మధ్య దూరం), క్లాస్ (కొలతలో ఎంత తేడా చెల్లుతుందో చెప్పే గుర్తు), కుడిచేతి వాటమా ఎడమచేతి వాటమా అన్నది చెబితే సరిపోతుంది. అదే ప్యానెల్‌లో 'మోడల్డ్' అనే గడి ఒకటి ఉంటుంది. దానికి టిక్ పెట్టకపోతే తలం మీద త్రెడ్ బొమ్మ మాత్రమే కనబడుతుంది, పెడితే మర చుట్లు నిజంగానే మోడల్‌లో కోసుకుపోతాయి. ఖచ్చితమైన పని కావాలంటే ఆ టిక్ తప్పనిసరి అని కొత్తగా నేర్చుకునేవారు చాలామంది అనుకుంటారు. సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే) లేత్, మిల్లింగ్ పనులకు ఈ సాఫ్ట్‌వేర్‌ను వాడుతున్న నా అభిప్రాయం వేరు. మెషీన్ మీద త్రెడ్ సరిగ్గా రావడానికి ఆ టిక్‌తో దాదాపు సంబంధం లేదు. క్లాస్ గడిలో మనం ఎంచుకునే దానితో మాత్రం చాలా ఉంది.

ఎం10×1.5 బోల్టునే, అంటే 10 మి.మీ. సైజు, 1.5 మి.మీ. పిచ్ ఉన్నదాన్నే తీసుకుందాం. 6జి క్లాస్ ప్రకారం దాని మేజర్ వ్యాసం (మర శిఖరాల మీది కొలత) 9.732 నుంచి 9.968 మి.మీ. వరకు, పిచ్ వ్యాసం (మర పల్లు, సందు సమానంగా ఉండే చోటి కొలత) 8.862 నుంచి 8.994 మి.మీ. వరకు ఉండాలి. అంటే ఎం10 కదా అని సరిగ్గా 10.000 మి.మీ.కు తిప్పిన షాఫ్టు మీద త్రెడ్ తీస్తే, ఆ బోల్టు కొలత దాటిపోయినట్టే లెక్క. ఫ్యూజన్ ఈ విషయంలో మెచ్చుకోదగిన పని చేస్తుంది. దాని త్రెడ్ పట్టికల్లో ప్రతి క్లాస్‌కూ టాలరెన్స్ (అనుమతించిన తేడా) మధ్య విలువలు ఉంటాయి కాబట్టి 6జి ఎంచుకుని మోడల్ చేసిన బోల్టు మేజర్ వ్యాసం 9.85 మి.మీ. దగ్గర వస్తుంది. ఈ సంగతి తెలియనివారు మోడల్‌ను కొలిచి, కొలత తప్పిందని కంగారుపడతారు. నిజానికి టర్నర్ గురిపెట్టవలసిన కొలత అదే.

రంధ్రాల దగ్గరికి వస్తే ఇదే పద్ధతి కొంచెం ఇబ్బంది పెడుతుంది. ఎం10×1.5, 6హెచ్ క్లాస్ రంధ్రపు మైనర్ వ్యాసం (లోపలి మర శిఖరాల మధ్య కొలత) 8.376 నుంచి 8.676 మి.మీ. వరకు ఉండవచ్చు గనుక, హోల్ టూల్‌తో ట్యాప్ (లోపలి మర కోసే పనిముట్టు) రంధ్రం పెడితే మోడల్‌లో మధ్య విలువ అయిన 8.526 మి.మీ. పడుతుంది. మన డ్రిల్ పెట్టెలో ఉండేది 8.5 బిట్టు. త్రెడ్ సమాచారం లేకుండా ఆ మోడల్‌ను మరొకరికి పంపితే, అవతలివారికి 8.526 అనే విచిత్రమైన రంధ్రం తప్ప అక్కడ ఎం10 ట్యాప్ కొట్టాలన్న సూచన కనబడదు. వేరే సాఫ్ట్‌వేర్‌కు మోడల్ పంపేందుకు వాడే స్టెప్ ఫైలులో బొమ్మ త్రెడ్ వెళ్లదు. అందుకే బాలానగర్‌లోనో ఆటోనగర్‌లోనో జాబ్ వర్క్‌కు ఇచ్చేటప్పుడు త్రెడ్ సైజు, క్లాస్, లోతు రాసిన డ్రాయింగ్‌ను కూడా జతచేయడం తప్పనిసరి. త్రెడ్ మొత్తం మోడల్ చేసి పంపితే ఈ చిక్కు తీరుతుందనుకోవడం సరికాదు. ఫైలు బరువెక్కుతుంది, ప్రోగ్రామ్ రాసేవారు ఆ చుట్లన్నీ తీసేసి మళ్లీ నున్నటి తలాన్ని తయారుచేసుకోవలసి వస్తుంది.

ఎందుకంటే మెషీన్‌కు కావలసినది చుట్ల ఆకారం కాదు, కొన్ని సంఖ్యలు. లేత్ మీద త్రెడ్ ఆకారాన్ని ఇన్సర్టు (కోత పెట్టే మొన ముక్క) ఇస్తుంది; ప్రోగ్రామ్‌కు పిచ్, లోతు, పొడవు, ఎన్ని కోతల్లో దిగాలన్నది చాలు. ఫ్యూజన్ టర్నింగ్‌లోని త్రెడ్ ఆపరేషన్ ఇవన్నీ చక్కగా అడుగుతుంది. సైకిల్ (అన్ని కోతలనూ ఒకే ఆదేశంతో నడిపే పద్ధతి) వాడమంటే, పోస్ట్ (ప్రోగ్రామ్‌ను మెషీన్ భాషలోకి మార్చే భాగం) అందుకు వీలు కల్పించినప్పుడు, ఫానుక్ కంపెనీ కంట్రోల్‌కు జి76 వంటి సైకిల్‌గానే రాసిస్తుంది. 1.5 పిచ్‌కు లోతు సుమారు 0.92 మి.మీ. అన్నది మొదటి అంచనా మాత్రమే. ఇన్సర్టు మొన వ్యాసార్థాన్ని బట్టి అది మారుతుంది. మిల్లింగ్‌లో త్రెడ్ మిల్ (తిరిగే కట్టర్‌తో మర కోసే) ఆపరేషన్‌కు నున్నటి రంధ్రపు తలం కావాలి. అక్కడ పిచ్ డయామీటర్ ఆఫ్‌సెట్ (మర ఎంత లోతుగా కోయాలో సర్దే విలువ) దగ్గరే పనితనం ఉంది. మొదటి ముక్కను కొంచెం బిగువుగా ఉంచి, గో గేజ్ (సరైన మరలో దిగవలసిన కొలత పనిముట్టు) దిగేవరకు వేర్ ఆఫ్‌సెట్ (మెషీన్‌లో టూల్ కొలతను కొద్దికొద్దిగా సర్దే విలువ)తో సర్దుకోవాలి.

బయటి త్రెడ్‌కైతే మూడు తీగల పద్ధతి, అంటే మర సందుల్లో మూడు సన్నని తీగలు పెట్టి వాటి మీదుగా కొలవడం, నాకు ఎక్కువ నమ్మకం. 1.5 పిచ్‌కు తగిన తీగ 0.866 మి.మీ.; 6జి బోల్టుకు తీగల మీద మైక్రోమీటర్ కొలత 10.161, 10.293 మి.మీ. మధ్య రావాలి. ఈ విలువలను ఫ్యూజన్ తన ప్యానెల్‌లోనే చూపిస్తే ఎంతో మేలు జరిగేది. కనీసం ఎంచుకున్న క్లాస్‌కు గరిష్ఠ, కనిష్ఠ వ్యాసాలనైనా చూపించదు, పట్టిక పుస్తకం పక్కన పెట్టుకోక తప్పదు. నా దృష్టిలో ఈ టూల్‌కు ఉన్న అతి పెద్ద లోపం ఇదే.

త్రీడీ ప్రింటింగ్‌కు మాత్రం మోడల్డ్ టిక్ తప్పనిసరి, ప్రింటర్‌కు పంపే ఎస్టీఎల్ ఫైలులో బొమ్మ త్రెడ్ రాదు. ప్లాస్టిక్‌కు ఎక్కువ సందు కావాలంటే త్రెడ్ పట్టికలున్న ఎక్స్‌ఎంఎల్ ఫైలును కాపీ చేసి మన కొలతలతో కొత్త రకాన్ని చేర్చుకోవచ్చు. ఇది గొప్ప సౌలభ్యం. అయితే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ దిగినప్పుడు పాత ఫోల్డర్‌లోని ఆ ఫైలు కొత్తదానిలోకి రాదు కాబట్టి, దాని నకలును వేరేచోట దాచుకోవాలి.

సొంత అవసరాలకు ఇచ్చే ఉచిత లైసెన్సులోనూ త్రెడ్ టూల్ పూర్తిగా దొరుకుతుంది. కానీ అందులో వేగపు కదలికలు ఫీడ్ వేగానికి తగ్గిపోతాయి, టూల్ మార్పు ఆదేశాలు రావు. డ్రిల్, చాంఫర్ (అంచు ఏటవాలుగా కోయడం), త్రెడ్ మిల్ ఒకే ప్రోగ్రామ్‌లో నడవాలనుకునే షాపు డబ్బు కట్టి లైసెన్సు తీసుకోవడమే మంచిది.