స్పీకర్ సౌండ్ మెరుగవ్వాలంటే: కెపాసిటరా, కర్రముక్కా?

"కెపాసిటర్లు మార్చమంటారా, లోపల దూది కూరమంటారా, వైర్లు మార్చమంటారా?" ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడగని వారం లేదు. ఈమధ్యే నా చిన్న స్పీకర్ల జత విప్పి ఇవన్నీ ఒక్కొక్కటిగా చేసి చూశాను. ఒక స్పీకర్‌లో మార్పు చేసి, రెండోదాన్ని ముట్టుకోకుండా ఉంచి, ఒకే పాటను మోనోలో (రెండింటికీ ఒకే శబ్దం పంపి) అటూ ఇటూ మార్చి మార్చి విన్నాను. రెండూ ఒకేసారి మార్చేస్తే పోల్చుకోవడానికి ఏమీ మిగలదు. పైగా అంత కష్టపడ్డాం కాబట్టి బాగుపడే ఉంటుందని మనసు ముందే తేల్చేస్తుంది.

ముందు వైర్ల సంగతి. పెట్టె లోపల వైరు రానూపోనూ 60 సెంటీమీటర్లు అనుకుందాం. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరైతే దాని రెసిస్టెన్స్ 0.014 ఓమ్. 8 ఓమ్ వూఫర్ (బేస్ పలికే పెద్ద యూనిట్) కాయిల్ ఒక్కటే దాదాపు 6 ఓమ్ ఉంటుంది. ఆ ఆరు పక్కన ఇదెంత? టెర్మినల్ తుప్పు పట్టినా, వదులైనా మార్చండి. లేకపోతే వైర్లను వదిలేయండి.

కెపాసిటర్ల విషయం అంత తేలిక కాదు. పాత స్పీకర్ల క్రాస్ఓవర్‌లో (బేస్‌ను వూఫర్‌కు, సన్నని శబ్దాలను ట్వీటర్‌కు పంచే సర్క్యూట్) ఎక్కువగా ఎలక్ట్రోలైటిక్ రకమే, అంటే లోపల ద్రవం ఉండేదే ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది లోపల ఎండిపోతుంది, దాని సొంత రెసిస్టెన్స్ పెరుగుతుంది, ట్వీటర్ మందగిస్తుంది. విలువ జరిగినా ఇబ్బందే. 8 ఓమ్ ట్వీటర్‌కు 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒక్కటే ఉంటే కోత (అంతకంటే కింది శబ్దాలు తగ్గిపోయే చోటు) సుమారు 4,200 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. అది 3.3కి తగ్గితే 6,000కి పోతుంది. మధ్యలో గొంతుకు స్పష్టత ఇచ్చే భాగం పలచబడుతుంది. అలాంటప్పుడు అదే విలువ ఉన్న పాలీప్రొపిలీన్ ఫిల్మ్ కెపాసిటర్ వేస్తే తేడా నిజంగానే తెలుస్తుంది.

కాకపోతే ఫిల్మ్ రకానికి సొంత రెసిస్టెన్స్ చాలా తక్కువ. పాతదాని రెసిస్టెన్స్‌ను కూడా లెక్కలో వేసుకుని డిజైన్ చేసిన స్పీకరైతే, మార్చాక ట్వీటర్ కాస్త గుచ్చుకున్నట్టు వినిపిస్తుంది. అప్పుడు సిరీస్‌లో అర ఓమ్ రెసిస్టర్ ఒకటి వేసి వినండి. ఫిల్మ్ కెపాసిటర్ సైజు కూడా పెద్దది, పాత చోట పట్టదు. పక్కకు పడుకోబెట్టి టై వేసి కట్టాలి, లేకపోతే అదే గలగలమంటుంది. నా స్పీకర్లు అంత పాతవి కావు. వాటిలో కెపాసిటర్ మార్చాక ఎన్నిసార్లు విన్నా తేడా పట్టుకోలేకపోయాను.

నా దృష్టిలో అసలు విషయం పెట్టె. మగగొంతు ఉన్న పాట పెట్టి, పక్క పలక మధ్యలో వేలికొనలు ఆనించి చూడండి. చిన్న స్పీకర్లలో చాలావాటికి ఆ పలక గొంతుతో పాటే జుమ్మంటుంది. కోన్ (వూఫర్‌లో కదిలే పొర) పాడిన పాటకు పెట్టె తన పాట కలుపుతోందన్న మాట. కెపాసిటర్ ఎంత మంచిదైనా దాన్ని ఆపలేదు. పలక బిగువు దాని మందానికి ఘనంలో పెరుగుతుంది: 12 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ (చెక్కపీచు అదిమి చేసిన పలక) 18 అయితే మూడు రెట్లకు పైనే. మందం మనం పెంచలేం కానీ, రెండు పక్క పలకల మధ్య ఒక కర్రముక్క అడ్డంగా నిలబెట్టగలం.

నేను రెండు సెంటీమీటర్ల చదరపు కర్ర తీసుకున్నాను. వూఫర్ విప్పిన రంధ్రంలోంచే లోపలికి పోతుంది. పొడవు దగ్గరే ఓపిక కావాలి. వేలితో నెడితే కొంచెం బిగుతుగా జారి నిలబడాలి. సుత్తితో కొట్టాల్సి వస్తే పొడవు ఎక్కువైనట్టే, పెట్టె అతుకులు విడిపోతాయి. సరిగ్గా మధ్యలో కాకుండా కాస్త పక్కకు జరిపి పెట్టాలి, అప్పుడు పలకలోని రెండు భాగాలూ ఒకే స్వరంలో మోగవు. చివరలకు చెక్క జిగురు రాసి రాత్రంతా వదిలేశాను. 18 సెంటీమీటర్ల ముక్క మింగేది 72 మిల్లీలీటర్లు, 8 లీటర్ల పెట్టెలో ఒక శాతం కూడా లేదు. పొద్దున కణుపులతో తడితే, ముందు డబ్‌మన్న పలక టక్‌మంది. పాట పెట్టగానే బేస్ తగ్గిందేమో అనిపించింది. రెండు పాటలయ్యేసరికి అర్థమైంది, పోయింది పెట్టె హోరు. గొంతు పెట్టెలోంచి కాకుండా దాని ముందు నుంచి వచ్చింది.

దూది పని వేరు. చాలామంది అది పలకల వణుకు ఆపుతుందనుకుంటారు, ఆపదు. లోపల కొట్టుకుని కోన్ గుండా వెనక్కి వచ్చే శబ్దాన్ని పీల్చుకుంటుంది. పోర్ట్ (గాలి వచ్చిపోయే గొట్టం) ఉన్న పెట్టెలో గోడల వెంబడి పలచగా పరిచి, పోర్ట్ లోపలి నోరు ఖాళీగా ఉంచాలి. పోర్ట్ లేనిదైతే వదులుగా నింపవచ్చు. నచ్చకపోతే తీసేయొచ్చు, కాబట్టి భయం లేదు.

వూఫర్ అంచు కింద ఫోమ్ టేపు గాలి కారకుండా చూస్తుంది, ఎలాగూ విప్పారు కాబట్టి వేసేయండి. స్పీకర్ కింద పెట్టే మెత్తని ప్యాడ్లు టేబుల్ వణుకుతుంటే పనికొస్తాయి, అంతే.

విప్పేటప్పుడు మాత్రం జాగ్రత్త. వూఫర్ అయస్కాంతం స్క్రూడ్రైవర్‌ను చేతిలోంచి లాగేస్తుంది. నాది రబ్బరు అంచుకు వెంట్రుకవాసి దూరంలో ఆగింది. అప్పటినుంచి కోన్ మీద గట్టి అట్టముక్క పెట్టి, రెండో చేత్తో స్క్రూడ్రైవర్ మొనను పట్టుకుని విప్పుతున్నాను. వైర్లు ఊడదీసే ముందు ఫోటో తీసుకోండి, ప్లస్ మైనస్ తారుమారైతే ఎంత చేసినా వృథా.

స్పీకర్లు పాతికేళ్లవైతే ట్వీటర్ కెపాసిటర్‌తో మొదలుపెట్టి, అదే రోజు కర్ర కూడా పెట్టేయండి. కొత్తవైతే నేరుగా కర్రే. రెండో స్పీకర్‌లోనూ అదే పొడవు కర్ర, అదే చోట పెట్టాలి. లేకపోతే రెండు పెట్టెలూ రెండు రకాలుగా మోగి, మధ్యలో నిలబడాల్సిన గొంతు ఒక పక్కకు జరుగుతుంది.